చిట్టాలో చివరివాడు

ఆ రోజుల్లో మనిషి సత్తా తేల్చడానికి ఒక కంప్యూటర్ చాలని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. బ్రాడ్‌బ్యాండ్ అప్పుడప్పుడే వస్తున్న కాలం. గాజువాకలో ఒక నెట్ సెంటర్లో మేం ఐదుగురం జట్టుగా కూర్చుని, ద్వారకానగర్ సెంటర్లోని ఐదుగురితో ఆన్‌లైన్లో తుపాకుల ఆట ఆడేవాళ్లం. కెప్టెన్ని నేనే (ఎవరూ ఎన్నుకోలేదు, గొంతు పెద్దది, అంతే). ఎవరు ఎంతమందిని కాల్చారో, ఎన్నిసార్లు చచ్చారో లెక్కగట్టే ప్రోగ్రామ్ ఒకటి దొరికితే ఎక్కించాను. వారం తిరిగేసరికి ఆ చిట్టా ప్రింటు తీసి గోడకు అంటించాను. అన్నిటికంటే పైన నా పేరు. అట్టడుగున జాలరిపేట బావ.

ఈ బావ నాకు చుట్టం కాదు, అందరికీ బావే. వాళ్ల నాన్నకు పడవ ఉంది. ఆటలో బావ మా స్థావరం గుమ్మం దగ్గరే నిలబడి, ఏ పక్కనుంచి ఎవరొస్తున్నారో మాకు చెబుతుండేవాడు తప్ప కాల్చింది తక్కువ. ఆదివారం పెద్ద పోటీ. ఓడినవాళ్లు గెలిచినవాళ్ల సెంటర్‌కి వెళ్లి అందరికీ టీలు అందించాలని పందెం. నేను చిట్టా చూసి బావను తప్పించి, గురి బాగున్న కొత్తవాణ్ణి తీసుకున్నాను.

బావ ఆ కాగితంలో గడులన్నీ వేలు పెట్టి చూసుకున్నాడు.

"మా పడవలో సుక్కాని పట్టినోడు ఒక్క సేప కూడా పట్టడు బావా. అయినా ఆడికీ వాటా ఉంటాది. నీ పోగ్రాంలో సుక్కానికి గడి లేదేటి?" అన్నాడు.

ఆటలో మొహమాటాలు పనికిరావని నేనొక ఉపన్యాసం ఇచ్చాను (ఇరవై ఏళ్లు, ఉపన్యాసాలు పొంగిపొర్లే వయసు).

ఆదివారం ఐదుగురం చిట్టాలో పైకెక్కాలని తలో దిక్కుకీ పరిగెత్తాం. గుమ్మం దగ్గర ఒక్కడూ లేడు. శత్రువులు తీరిగ్గా లోపలికి వచ్చి మమ్మల్ని చిత్తుచిత్తుగా ఓడించారు. మా చిట్టాలో ఆ రోజు కూడా పైన నా పేరే ఉంది. ఎందుకో ప్రింటు తీయబుద్ధి కాలేదు.

టీలు అందించడానికి సిటీ బస్సెక్కితే, బావ వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. నువ్వు ఆడలేదు కదా, నీకెందుకు ఈ ఖర్మ అని అడిగాను.

"జట్టన్నాక ఓడిపోయినా వాటా ఉంటాది" అన్నాడు. నాకు తలెత్తి చూడటానికి సిగ్గేసింది. సగం గ్లాసులు అతనే మోశాడు.

అలాంటి ప్రోగ్రాములు ఆటల్లో ఉండనివ్వాలా వద్దా అని ఇప్పటి పిల్లలు తెగ వాదించుకుంటుంటారు. ఉంటే ఉండనీ, గోడకు మాత్రం అంటించకండి అంటాను. ఎందుకంటే ఇప్పుడు మా ఆఫీసులోనూ నా పనిని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టారు. పోయిన నెల చిట్టాలో నా పేరు అట్టడుగున ఉంది. కుర్ర మేనేజరు పిలిచి ఉపన్యాసం మొదలుపెడితే, చుక్కాని సంగతి నా నోటిదాకా వచ్చింది. తీరా చూస్తే అతని ముఖంలో అచ్చం ఆ గాజువాక కెప్టెనే కనిపించాడు. నవ్వొచ్చింది. తలదించుకుని చివరిదాకా విన్నాను.