ఇనుప హెల్మెట్‌లో దోసెల పిండి

నిన్న టీవీలో కోరల్ సముద్రం అడుగున పడి ఉన్న విమానవాహక నౌకను చూపించారు. పక్కనే దాని విమానాలు, రంగైనా వెలవకుండా, పెళ్లికి ముస్తాబైనట్టున్నాయి. "డాడ్, మన దోసె హెల్మెట్ షిప్ ఇదేనా?" అంది మా అమ్మాయి.

అదే. చదువుకునే రోజుల్లో సిడ్నీ వెస్ట్‌మీడ్‌లో మా ఇంటి ఓనరు అంకుల్ ఆ ఓడలో పనిచేసిన అమెరికా నావికుడు. రెండో ప్రపంచ యుద్ధమయ్యాక ఇక్కడి అమ్మాయిని పెళ్లాడి ఇక్కడే ఉండిపోయారు. ఎంత పొడుగంటే, వాన ముందు ఆయన మీద పడి, మేం టీ తాగి లేచాక మా మీద పడేది. ఆ యుద్ధంలో జపాన్ విమానాల దెబ్బకు ఓడ అంటుకుంది, దిగిపొమ్మని ఆర్డరొచ్చింది. కుర్రాళ్లు మాత్రం స్టోరులోని ఐస్‌క్రీమ్‌ను సముద్రంపాలు చేయలేక, హెల్మెట్లలో తోడుకుని తిని మరీ తాళ్లు పట్టుకుని దిగారట! మండుతున్న ఓడను, శత్రువు చేతికి చిక్కకూడదని, చివరికి సొంతవాళ్లే ముంచేశారు. ఏటా మే నెలలో ఆ రోజున అంకుల్ అదే హెల్మెట్‌లో ఐస్‌క్రీమ్ వేసుకుని, ఓడతోపాటే పోయిన స్నేహితుడి కోసం పక్కన ఇంకో చెంచా పెట్టుకుని, ఒక్కరే తినేవారు.

ఈ సంగతి కొత్తగా దిగిన మా భీమవరం రూమ్మేటుకు తెలియదు. ఇక్కడి మే నెల చలికి పిండి పులవడం లేదని, అంకుల్‌కీ మాకూ ఉమ్మడిగా ఉన్న లాండ్రీ గదిలో మేకుకు వేలాడుతున్న హెల్మెట్‌ను శుభ్రంగా తోమి, అందులో దోసెల పిండి పోసి వేడినీళ్ల ట్యాంకు పక్కన పెట్టాడు. తెల్లారేసరికి అది పొంగి, లాండ్రీని జయించి, వంటింటి మీదికి దండెత్తుతోంది.

"ఒరేయ్, అది అంకుల్ ప్రాణంరా! ఈ రోజే కావాలాయనకి!"

"అయ్యబాబోయ్! గుండ్రంగా ఉంటే గిన్ననుకున్నాన్రా. గెంటేత్తారంటావా? రేపు యూనివర్సిటీలో పరీక్షరా బాబూ!"

అంతలో ఐస్‌క్రీమ్ డబ్బా, రెండు చెంచాలతో అంకుల్ రానే వచ్చారు. హెల్మెట్ వైపు చూశారు. మా వాడు సగం సామాను మనసులోనే సర్దేశాడు.

"ఏంటిది?"

"బ్రేక్‌ఫాస్ట్, అంకుల్," అన్నాడు మా వాడు, ఏడుపుగొంతుతో.

ఆయన వేలు ముంచి రుచి చూశారు. "ఇన్నేళ్లూ ఒక్కణ్నే తిన్నాను. ఓడతో పోయిన మా వాడికి ఒక్కడే కూర్చుని తినడం అస్సలు నచ్చేది కాదు. స్టవ్ వెలిగించండి."

వేడి దోసె మీద ఐస్‌క్రీమ్ వేసి, ఇన్నేళ్లుగా ఎవరూ ముట్టని ఆ రెండో చెంచా తీసి మా భీమవరంవాడి చేతిలో పెట్టారు. వాడు దోసెను చెంచాతో తినడం అదే మొదలు.

అంకుల్ పోయే ముందు ఆ హెల్మెట్ మాకిచ్చారు. ఇప్పుడది మేముంటున్న టార్నీట్‌లో మా వంటింట్లో ఉంది. ఏటా మేలో పిండి మాది, ఐస్‌క్రీమ్ రూమ్మేటు కుటుంబానిది, చెంచాలు మాత్రం ఎన్ని తీసినా చాలవు. అంత పెద్ద ఓడ మునిగి ఒక జీవితకాలం దాటింది గానీ, అందులోని ఐస్‌క్రీమ్ మా ఇంట్లో ఇంకా కరగనే లేదు.