నీళ్లు పోసే మనిషి

పదవీ విరమణకు నాలుగేళ్ల ముందు నన్ను మార్కాపురం పంపారు. అప్పుడు నేను ప్రణాళికా శాఖలో సీనియర్ పరిశోధనాధికారిని. దేశంలో ఉత్పాదకత పెంచడానికి ఏం చేయాలో ప్రభుత్వానికి సలహా ఇచ్చే నివేదికలో చిన్న పరిశ్రమల అధ్యాయం నా వంతు. ఉత్పాదకత అంటే, మా లెక్క ప్రకారం, తయారైన సరుకును పనివాళ్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేది.

పలకరాయి కోసే ఒక షెడ్డులో మూడు రోజులు కూర్చున్నాను. రంపం దగ్గర ఏసయ్య రాయి నెట్టేవాడు. అతని భార్య మరియమ్మ పక్కన నిలబడి రంపం మీద చెంబుతో నీళ్లు పోసేది. ఇద్దరూ పెద్దారవీడు వైపు నుంచి పొద్దున బస్సుకు వచ్చేవారు. కోతకు ఆమె అవసరం లేదని, అదొక పాత అలవాటని యజమాని చెప్పాడు. ఆమెనే అడిగాను.

“నీళ్లు పోయకుంటే దుమ్ము లేస్తాది సార్. ఈయనకు ఇప్పటికే ఆయాసం,” అన్నది.

ఆ మాట రాసుకున్నాను. కానీ అధ్యాయం రెండు పేజీలు మించకూడదని ఆదేశం. కుదించేటప్పుడు దాన్ని తీసేసింది నేనే. ఉత్పత్తిలో నేరుగా పాల్గొనని సహాయకులను తగ్గించాలన్న వాక్యం మిగిలింది. మా డైరెక్టరు మెచ్చుకున్నారు. యంత్రాల మీద రాయితీ కావాలంటే తలసరి ఉత్పత్తి పెరిగినట్టు చూపాలని ఆ తర్వాత షరతు వచ్చింది.

ఏడాదిన్నరకు అమలు ఎలా ఉందో చూడటానికి మళ్లీ వెళ్లాను. రంపం పొడిగా తిరుగుతోంది. కోస్తున్న మనిషి కొత్తవాడు, కనురెప్పల దాకా బూడిదరంగు. వాకబు చేసి ఏసయ్య ఊరికి పోయాను. పడుకుంటే ఊపిరి ఆడక, అతను గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

“నన్ను మాన్పించినారు సార్. మనుషులు తగ్గితేనే గవర్నమెంటు సాయం వస్తాదంట,” అన్నది మరియమ్మ.

ఆ సలహా రాసింది నేనేనని చెప్పాను. దగ్గు ఆగేదాకా ఆమె భర్త వీపు నిమురుతూ ఉండిపోయింది. తర్వాత అడిగింది.

“నీళ్లు పోయాలని గూడా రాస్తే పెడతారా సార్? ఈయన కోసం గాదు. ఇప్పుడు ఆడ ఇంకొకడు ఉండాడు గదా.”

రాశాను. సమర్పించిన నివేదికను సవరించే వీలు లేదని పైనుంచి జవాబు వచ్చింది. అప్పటికే ఏసయ్యను సమాధి చేశారు. మళ్లీ రాశాను. దానికి జవాబే రాలేదు.

ఒక మనిషిని అదనమని రాసే ముందు, ఆ మనిషి రాని రోజున కూడా అక్కడ నిలబడి పని చూడాలి. నేను చూడలేదు.