నలభై ఐదు శాతం తేమ

మా ఆఫీసు కాఫీ మెషిన్ మీద ‘రిపేరు పూర్తయింది’ అని చీటీ అంటించి మూడు వారాలైంది. మెషిన్ మాత్రం ఇంకా వేడినీళ్ళే ఇస్తోంది. మిస్సిసాగా ట్రాఫిక్‌లో గంటన్నర కూర్చుని వచ్చినవాడికి వేడినీళ్ళిచ్చి సరిపెట్టడం మర్యాద కాదు. ఫిర్యాదు రాద్దామని కూర్చుని, రాయలేకపోయాను. ఉన్నదొకటి, కాగితం మీద రాసేదొకటి అయినవాళ్ళను తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఎనిమిదేళ్ళుగా లేదు.

ఈ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. పశ్చాత్తాపం అందామంటే ఆ మాట నాకు కాస్త వదులవుతుంది. మోసీ మోసీ అలసిపోయాను, అంతే. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీతో చెప్పడం తేలిక.

ఇక్కడ కెనడాలో కాలేజీలన్నీ మన పిల్లలతో కిక్కిరిసిన రోజులవి. ఒక్కో బేస్‌మెంటులో ఎంతమందిమి ఉన్నామో ఇంటి ఓనరుకే తెలిసేది కాదు. పేరుకు నాది ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ చదువు. ఒక్క రోజును కూడా సరిగ్గా మేనేజ్ చేసిన గుర్తు లేదు. అప్పుడు నాకో పార్ట్‌టైమ్ పని ఇప్పించింది ఎస్తేరక్క.

ఆమెది పాలకొల్లు వైపు. సీనియర్ హోమ్‌లో ముసలివాళ్ళను చూసుకుంటూ, ఆదివారాలు మా తెలుగు చర్చిలో కీబోర్డు వాయించేది. నలభై దాటాక ఒక సంగీత విశ్వవిద్యాలయంలో ఆర్గాన్ నేర్చుకోవడానికి సీటు తెచ్చుకుంది. తరగతిలో మిగతావాళ్ళు ఆమెను మొదటిరోజు టీచరనుకున్నారట. “ఊళ్ళో హార్మోనియం తొక్కీ తొక్కీ వచ్చిన కాళ్ళురా ఇవి,” అనేది, ఆర్గాన్‌ను కాళ్ళతో కూడా వాయిస్తారు కాబట్టి.

అక్కడ విద్యార్థులు పెరిగిపోయి ఉన్న ఒక్క ఆర్గాన్ చాలక, పాఠాల కోసమే కొత్త పైప్ ఆర్గాన్ చేయించారు. రెండంతస్తుల ఎత్తు. పెన్సిలంత గొట్టాల నుంచి మనిషి దూరేంత గొట్టాల దాకా ఉన్నాయి. వాటికి గాలి అందించేవన్నీ చెక్కపెట్టెలు. చలికాలం హీటింగు వల్ల గదిలో గాలి పొడిబారితే ఆ చెక్క కుంచించుకుపోయి చీలుతుంది. అందుకని తేమను నలభై ఐదు శాతం దగ్గర నిలిపే యంత్రం ఒకటి పెట్టారు. దాని ట్యాంకులో నీళ్ళు నింపడం, రోజుకు మూడుసార్లు నిచ్చెనెక్కి ఆర్గాన్ లోపలి మీటరు చూసి తేమ ఎంతుందో పుస్తకంలో రాయడం నా పని. కోతికి నేర్పినా చేస్తుంది. కోతి నిజాయితీగా చేసేది కూడా.

నేను మాత్రం మన దగ్గర ఇంజనీరింగ్ చదివినవాణ్ణి. మా ల్యాబులో ముందు రీడింగులు రాసుకునేవాళ్ళం, టైముంటే ప్రయోగం. అన్నీ ఒకే అంకె రాస్తే దొరికిపోతాం. అందుకని నలభై ఐదు, నలభై నాలుగు, మళ్ళీ నలభై ఐదు, నమ్మకం కోసం ఒక నలభై ఆరు. నాలుగేళ్ళ డిగ్రీలో నాకు నిజంగా పట్టుబడిన విద్య ఇదొక్కటే.

ఆ జనవరిలో ఎయిర్‌పోర్టు దగ్గర గోదాంలో ఇంకో పని కూడా చేస్తున్నాను. నిద్ర చాలేది కాదు. సోమవారమే వారం మొత్తానికి అంకెలు రాసిపెట్టి కుర్చీలో కునికేవాణ్ణి. రెండు వారాలు నిచ్చెన ముట్టలేదు. ఒకరోజు ఎందుకో ఎక్కాను. మీటరులో పద్దెనిమిది. ట్యాంకులో చుక్క నీళ్ళు లేవు. నింపాను. దిగివచ్చి పుస్తకంలో నలభై ఐదు అని రాశాను.

అంతకుముందు రాసినవి బద్ధకం అనుకోవచ్చు. ఆ ఒక్కటీ తెలిసి రాసింది.

మర్నాడు ఎస్తేరక్క ప్రాక్టీసుకు కూర్చుంది. చేతులు తీసేశాక కూడా ఒక స్వరం ఆగకుండా మోగుతూనే ఉంది. గాలిపెట్టె చీలింది.

ఆర్గాన్ చేసినవాళ్ళు వచ్చి నా పుస్తకం తిరగేశారు. తేమ చక్కగా ఉంది కాబట్టి ఎవరో దగ్గర్లో వేడి పెట్టి ఉంటారన్నారు. ఆ వారమే ఎస్తేరక్క వేళ్ళు కొంకర్లు పోతున్నాయని చిన్న హీటర్ తెచ్చి పది నిమిషాలు పెట్టుకుంది. అడిగితే తనే చెప్పేసింది. విచారణకు వెళ్ళబోతూ కారిడార్‌లో నన్ను ఆపింది.

“తమ్ముడూ, రోజూ ఎక్కి చూసేవోడివి కదా?”

“చూశానక్కా.”

“నీళ్ళెప్పుడూ అయిపోలేదు కదా?”

“లేదక్కా.”

“అయితే నా హీటరే అయ్యుంటాదిరా. నువ్వేం బెంగపెట్టుకోకు. నీ పేరు రానివ్వను.”

ఆమెను ఆ ఆర్గాన్ ముట్టనివ్వలేదు. పాతదాని మీద అంతమంది విద్యార్థుల మధ్య టైము దొరకలేదు. ప్రాక్టీసు లేక పరీక్షకు కూర్చోలేదు. చదువు మానేసి, దేశం అవతలి కొసన సర్రీలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. నాకేమో ‘జాగ్రత్త కలిగిన మనిషి’ అని రెఫరెన్స్ లెటర్ ఇచ్చారు. తర్వాతి ఉద్యోగం దానితోనే వచ్చింది.

ఎందుకు చెప్పలేదు? స్టడీ పర్మిట్ పోతుందని భయం అనుకున్నాను. శాశ్వత నివాసం, అదే పీఆర్, రాగానే చెప్తాను అనుకున్నాను. పీఆర్ వచ్చింది. సిటిజన్‌షిప్ ప్రమాణానికి కుడిచెయ్యి ఎత్తి నిలబడ్డప్పుడు కూడా, ఇంటికెళ్ళగానే ఫోన్ చేస్తానని, ఇక నన్ను ఎవరూ ఎక్కడికీ పంపించలేరని అనుకుని, కేకు తిని పడుకున్నాను. నేను నోరు తెరవడానికి ఇంకే స్టాంపు పడాలి? భయం ఎప్పుడో పోయింది. తర్వాత మిగిలింది సౌకర్యం.

పోయిన ఆదివారం సర్రీకి ఫోన్ చేశాను. నిచ్చెన, ట్యాంకు, పద్దెనిమిది, నలభై ఐదు, అన్నీ వరసగా చెప్పేశాను. క్షమించమని అడగలేదు, అడిగితే ఆమె క్షమించేస్తుందని భయం. చెప్పాక ఒళ్ళు తేలికైంది. ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు, కానీ ఇవాళ అబద్ధం రాయదలచుకోలేదు.

ఆమె అంతా వింది. తర్వాత ఎస్తేరక్క అంది:

“నేనే పాడుచేశాననుకుని, ఎనిమిదేళ్ళు చర్చిలో కీబోర్డు కూడా ముట్టలేదురా నేను.”