బ్యాంజో క్యాసెట్‌లో అక్క గొంతు

శాంటా క్లారాలో మా అపార్ట్‌మెంట్‌కి రెండు వీధుల అవతల ఒక పాత పుస్తకాల కొట్టు ఉండేది. ముందు గదిలో పుస్తకాలు, వెనక గదిలో రికార్డులు, క్యాసెట్లు. ఎనభైల మొదట్లో నా శనివారాలన్నీ అక్కడే గడిచాయి. "ఆ కొట్టు ముసలాయన నీకు జీతమివ్వాలి" అని మావారు ఎగతాళి చేసేవారు. ఆయనకేం తెలుసు! ఇంట్లోకంటే అక్కడే నాకు ఊపిరాడేది.

ఇండియాకి ఫోన్ అంటే హడలిపోయే రోజులవి. మా తెలుగువాళ్ళలో చాలామంది ఉత్తరాలకు బదులు క్యాసెట్లు పంపుకునేవాళ్ళు. నా పిసినారితనం కొద్దీ నేను కొత్తవి కొనేదాన్ని కాదు. ఆ కొట్టులో ఎవరూ ముట్టుకోని బ్యాంజో సంగీతం క్యాసెట్లు కారుచౌకగా ఏరుకొచ్చేదాన్ని. వాటి అంచున ఉండే చిన్న కన్నాలకు సెల్లోటేపు అతికిస్తే పాటలు చెరిగి వాటి చోట మన మాటలు రికార్డయ్యేవి. గుంటూరులో ఉన్న మా అక్కకి అవే పంపేదాన్ని. తను ఒక వైపు మాట్లాడి, రెండో వైపు నాకు వదిలేసి తిప్పి పంపేది. అది నింపి పంపడం నా వంతు.

అక్క నుంచి ఒక క్యాసెట్ వచ్చిన మూడు నెలలకు తను పోయింది. ఆ తర్వాత దాన్ని మళ్ళీ వినే ధైర్యం నాకు లేకపోయింది. సొరుగులో పడేసి ఉంచాను.

మరుసటి ఏడాది ఇల్లు మారుతూ, ఆ సొరుగులోని బ్యాంజో క్యాసెట్లన్నీ సంచిలో వేసి, పుస్తకాలకు మార్పిడిగా కొట్టులో ఇచ్చేశాను. వారం తర్వాత గుర్తొచ్చింది. తప్పు నాది, తిట్లు మావారికి. చెప్పులైనా సరిగ్గా వేసుకోకుండా కొట్టుకి పరుగెత్తాను.

"రెండు వైపులా వినందే ఇక్కడ ఏదీ అమ్మకానికి పెట్టను. మీవి ఇంకా వినలేదు" అన్నాడు ముసలాయన. ప్రాణం లేచొచ్చింది. కానీ నా సంచి మిగతా సంచుల్లో కలిసిపోయింది. అన్నీ బ్యాంజో క్యాసెట్లే, అన్నిటిదీ ఒకటే ముఖం. వెనక గదిలో నేల మీద చతికిలబడ్డాను. ఆయన విసుక్కోకుండా ఒక్కొక్కటే పెట్టి వినిపించాడు. ఆ వాయిద్యం అంటే ఇప్పటికీ నాకు ఒళ్ళుమంట.

ఎన్నోదో గుర్తులేదు, ఉన్నట్టుండి అక్క.

"ఏమే, బతికే ఉన్నావా? ఉలుకూ పలుకూ లేదు! అమెరికా వెళ్ళి మూగనోము పట్టావా ఏంటి?"

బావురుమన్నాను. ముసలాయన తలుపు దగ్గరగా వేసి నిలబడ్డాడు. అక్క కబుర్లన్నీ చెప్పింది. ఆవకాయ కుదరలేదంది, పక్కింటావిడ మీద చాడీలు చెప్పింది, చివర్లో "రెండో వైపు నీదే, త్వరగా పంపు" అంది.

టేపు ఆగింది. నేను వద్దనేలోపే ఆయన అలవాటు ప్రకారం దాన్ని తిప్పి పెట్టాడు. బ్యాంజో హుషారుగా మొదలైంది.

"ఈ వైపు ఏమీ పాడవలేదు" అన్నాడు, నన్ను ఓదార్చడానికి.

ఆయనకి ఏం చెప్పను? అది నేను మాట్లాడాల్సిన వైపు. వచ్చే ఆదివారం, వచ్చే ఆదివారం అనుకుంటూ మూడు నెలలు ఒక్క ముక్క మాట్లాడలేదు. అక్క నా జవాబు కోసం చూసి చూసి పోయింది.