కడుపు నొక్కే చౌడమ్మత్త

పలకరింపుగా ఎవరైనా నమస్కారం పెడతారు. మా ఎదురింటి చౌడమ్మత్త పొట్ట నొక్కుతుంది. బెంగళూరు కాడుగోడిలో, మా వీధిలో ఆమె చెయ్యి పడని పొట్ట లేదు. పెళ్ళిచూపులకొచ్చిన కుర్రాణ్ణి నొక్కింది, కొరియర్ తెచ్చినవాణ్ణి నొక్కింది. ఓట్లడగడానికొచ్చిన పెద్దమనిషిని రెండు వేళ్ళతో నొక్కి చూసి, "ఇప్పటికే నిండుండాది కదప్పా, ఇంకేం కావాల నీకు?" అని నిదానంగా అడిగింది. ఆయన మళ్ళీ మా వీధికి రాలేదు. ఈ సంగతి నేను మాట్లాడే ప్రతి హక్కుల సభలోనూ గర్వంగా చెబుతాను.

మొన్న ఉగాది మర్నాడు వర్షతొడకు, అంటే మాంసాల పండగ. ఆ రోజు బెంగళూరులో మాంసం ఉడకని పొయ్యిలు తక్కువ. మా వీధికుక్క కరియ ప్రతి గడపా ఎక్కింది. పాపం దీనికెవరూ పెట్టలేదనుకుని ప్రతి ఇల్లూ పెట్టింది. మధ్యాహ్నానికి కరియ మా మెట్ల మీద కూలబడింది.

వీధిలో అందరూ వైద్యులైపోయారు. ఉప్పునీళ్ళు పోసి కక్కిద్దామన్నారు కొందరు. పక్కింటి మోహన్‌కుమార్ సోడా తెచ్చాడు. పరిగెత్తిస్తే అరుగుతుందన్నాను నేను. అత్త అందర్నీ తోసుకొచ్చి పొట్ట నొక్కింది. ఇంకా మెత్తగానే ఉందట. ఏమీ పొయ్యొద్దని, పరిగెత్తించొద్దని, రేపటిదాకా ముద్ద పెట్టొద్దని, నీళ్ళు మాత్రం కొంచెం కొంచెంగా ఇమ్మని చెప్పి పక్కనే చాప వేసుకుంది. మాటిమాటికీ నొక్కుతూనే ఉంది. అత్తకు ఇన్నాళ్ళకు కాదనని పొట్ట దొరికిందని మోహన్‌కుమార్ నవ్వాడు.

సాయంత్రం ఆమె చెయ్యి ఆగిపోయింది. పొట్ట డోలులా బిగుసుకుంది. కుక్క కక్కబోతోంది గానీ ఏమీ బయటికి రావడం లేదు.

"ఆశా, ఆటో పిలువు. ఇది ఇంక ఇంట్లో అయ్యే పని కాదు," అంది అత్త నాతో.

"పండగ కదత్తా, రేపు పొద్దున్నే పోదాం."

"రేపటికి ఇది ఉండదే."

పశువుల ఆసుపత్రిలో డాక్టర్ చైత్ర ఒక్కతే ఉంది. పొట్ట ఎక్స్‌రే తీసి, గొట్టం వేసి గాలి వదిలించింది. కడుపు మెలిక పడలేదని, ఆలస్యమైతే ప్రాణం పోయేదని చెప్పి, ఇంత సరిగ్గా ఎవరు కనిపెట్టారని అడిగింది. మా అత్తని నేను ఛాతీ విరుచుకుని చూపించాను.

అంతలో అత్త వెళ్ళి డాక్టర్ పొట్ట నొక్కింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నువ్వు తిన్లేదు."

"తిన్నానమ్మా."

"తిన్లేదు."

చైత్ర నవ్వేసింది. పొద్దుటినుంచీ ఇవే కేసులని, టీ తాగడానికి కూడా కుదరలేదని ఒప్పుకుంది.

"నోటితో అడిగితే అందరూ తిన్న్యామనే అంటారే," అంది అత్త నావైపు తిరిగి. "బిల్డింగులు కట్టే కాడ షెడ్లలో కూలోళ్ళ పిల్లోళ్ళూ అంతే. సిగ్గు. అందుకే నేను అడగను."

ఆమె నొక్కిన పిల్లల్లో కొందరు మూతి తుడుచుకుంటూ ఆమె వంటింట్లోంచి రావడం నేను ఎన్నోసార్లు చూశాను. హక్కుల గురించి గొంతు చించుకునే నాకు, అది ఎందుకో అప్పుడే అర్థమైంది.

అత్త ఫోన్ చేస్తే మోహన్‌కుమార్ క్యారియర్ పట్టుకొచ్చాడు. రాగిముద్ద, మటన్ పులుసు. మూత తీయగానే బల్ల మీద నీరసంగా పడుకున్న కరియ తలెత్తింది.

"నీకు కాదప్పా," అంది అత్త, వెనక్కి తిరక్కుండానే.