మామిడి పిందెల ఎర్ర సంచి

మా ఆయన పోయాక నా మీద ఎన్ని ఆంక్షలు వచ్చి పడ్డాయో చెప్పలేను. బొట్టు సంగతి, గాజుల సంగతి ఎవరూ నోరు తెరిచి చెప్పక్కర్లేదు, అందరికీ తెలిసినవే. కానీ భుజానికి తగిలించుకునే సంచికి కూడా రూలుంటుందని మా వదిన చెప్పేదాకా నాకు తెలీదు.

వదినంటే మా ఆయన అక్క. ఈ హిందీ ఊళ్లో మా తెలుగువాళ్లుండే సీతారాండేరాలో మా వీధి చివరే ఉంటుంది. మా ఆయన చేసిన రైల్వే ఉద్యోగం, ఆయన పోయాక నాకిచ్చారు. నేను ఆఫీసులో చేరాల్సిన రోజు వదిన పొద్దున్నే వచ్చి, నా భుజం మీది సంచి చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఎర్ర గుడ్డ, దాని నిండా పసుపు రంగు మామిడి పిందెల అచ్చు, పొడుగాటి పట్టీ. కూరలకెళ్లినా, పిల్ల స్కూల్లో మీటింగుకెళ్లినా ఏళ్ల తరబడి నాకదే సంచి.

"ఏటే, ఇదేసుకునెల్తావా? పెళ్లికేటి ఎల్తన్నావు? ఎవులేనా సూత్తే ఏటనుకుంటారు?" అంటూ కొత్త నల్ల బ్యాగొకటి నా చేతిలో పెట్టింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఇప్పుడు సంచి కూడా ముత్తైదువేటి వదినా?" అన్నాను.

అంతే, తమ్ముడి పేరెత్తి ఏడుపు లంకించుకుంది. లోపల్నుంచి నా కూతురు "బువా, జానే దో నా, మమ్మీకో దేర్ హో రహీ హై" అని, అమ్మకి ఆలస్యమవుతోంది వెళ్లనిమ్మని, మేనత్తని బతిమాలింది. వింటేగా!

అప్పుడు మా అత్త లేచొచ్చింది. మంచి మనిషి. నా చెవి దగ్గర మెల్లిగా, "మా గుంటడు కొన్నాడని సెప్పీయే. ఆడి గుర్తనుకుంటారు. ఇంకెవులూ నోరెత్తరు" అంది.

నిజం చెప్పొద్దూ, ఆ మాటకి ప్రాణం లేచొచ్చింది. ఒక్క అబద్ధం! వదిన కళ్లు తుడుచుకుంటుంది, వీధి వీధంతా అయ్యో పాపం అంటుంది. మొగుడి గుర్తు మోసుకు తిరిగేదాన్ని ఎవరు తప్పు పడతారు?

కానీ ఆయన కొనలేదే! ఆయనకసలు ఆ సంచి నచ్చనే లేదు, గంగిరెద్దు మీద కప్పిన బొంతలా ఉందని వెక్కిరించేవారు. జుగ్సలాయి బజారులో కాళ్లరిగేలా తిరిగి, కొట్టువాడితో గొడవపడి మరీ నేను కొనుక్కున్నాను. ఆయన్ని తలుచుకుని ఏడవడానికి నాకు సంచి అక్కర్లేదు, వంటింట్లో నిలబడితే చాలు, ఏడుపు దానంతటదే వస్తుంది. ఒక వస్తువు నాకు నచ్చిందని చెప్పుకునే హక్కు కూడా ఆయనతోనే పోయిందా?

"అబద్దం ఆడలేనత్తా" అని నల్ల బ్యాగు మంచం మీద పెట్టి బయటికి నడిచాను. వదిన ముక్కు తుడుచుకుంటూ గేటు దాకా వెంటపడింది.

గేటు బయట పక్కింటి పిన్ని టెంపో కోసం నిలబడి ఉంది. సంచి వంక చూసింది, నా ముఖం వంక చూసింది. గొంతులో ఎక్కడలేని జాలి తెచ్చుకుని, "మీ ఆయన కొన్నదేటమ్మా, పాపం?" అంది.

వదిన ఏడుపు ఆపేసింది. గుమ్మంలోంచి అత్త అవునను, అవునను అని తలూపుతోంది.

"కాదు పిన్నీ" అన్నాను, వీధంతా వినబడేలా. "నానే కొనుక్కున్నాను. నాకు నచ్చి."