గాజు గ్లాసులు ఎప్పుడు వచ్చాయంటే

2004లో నన్ను అనకాపల్లి పాస్టరేటుకు ప్రెస్బిటరుగా, అంటే సంఘ కాపరిగా, వేశారు. పాస్టరేటు అంటే పట్నంలో ఒక పెద్ద గుడి, దాని కింద చుట్టుపక్కల ఊళ్ళ ప్రార్థన మందిరాలు. వారంలో సగం రోజులు కశింకోట, సబ్బవరం వైపు షేర్ ఆటోల్లో తిరిగేవాణ్ణి. నెలలో మొదటి ఆదివారం పెద్ద గుడిలో ప్రభు సంస్కారం ఉండేది. విశ్వాసులు దాన్ని క్లుప్తంగా ‘బల్ల’ అంటారు.

మా బల్లకు ఒకే వెండి పాత్ర. విశ్వాసులు కొయ్య కమ్మీ ముందు వరసగా మోకరిస్తే, ఎడమ చివర నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరి పెదవులకు ద్రాక్షరసం అందించాలి. ప్రతివారి తరువాతా అంచును గుడ్డతో తుడవడం పద్ధతి. గుడ్డతో తుడిస్తే క్రిములు పోవు. నేను వచ్చిన మరుసటి ఏడు ఊళ్ళో కామెర్లు వ్యాపించినప్పుడు, విడివిడిగా చిన్న గ్లాసులు కొందామని కమిటీలో ప్రతిపాదించాను. సంఘ కార్యదర్శి దేవదానం గారు బెల్లం మార్కెట్లో కమిషను వ్యాపారి. ఆయన లేచి, ప్రభువు ఒకే పాత్ర ఇచ్చాడనీ, తాతల నాటి నుంచీ అందులోనే తాగుతున్నామనీ, విశ్వాసికి క్రిమి అంటదనీ చెప్పారు. నా ప్రతిపాదన వీగిపోయింది.

2006 వేసవిలో బిషప్పు గారు వచ్చి కొందరికి కన్ఫర్మేషన్ ఇచ్చారు. అంటే తల మీద చేతులుంచి బల్లలో చేర్చుకోవడం. వారిలో సన్యాసమ్మ ఒకరు. మునిసిపాలిటీలో వీధులు ఊడ్చే పని ఆమెది. బాప్తిస్మమప్పుడే పేరు మార్చుకోమని పెద్దలు సలహా ఇస్తే, “పేరు మారితే సీపురు మారిపోద్దేటండి?” అని నవ్వేసింది. ఆమె మొదటి బల్ల ఇంకా రావలసి ఉండగానే నేను కేరళలో కాపరుల శిక్షణకు వెళ్ళాను. సంఘంలో కులం చచ్చిపోయిందని అక్కడ ఒక వక్త ప్రసంగించాడు. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.

తిరిగి వచ్చిన రోజునే, నేను అంగీ తొడుక్కునే గదిలో కొత్త అట్టపెట్టె కనిపించింది. నిండా చిన్న గాజు గ్లాసులు.

“అయ్యగారూ, ఆరోగ్యం, ఆరోగ్యం అని మీరే కదండీ మొత్తుకున్నారు! మీ మాటే నెగ్గించేం. సంతోషం కాదేటి?” అన్నారు దేవదానం గారు.

కామెర్ల ఏడు రాని ఆరోగ్యం సన్యాసమ్మ బల్లలో చేరిన నెలలో ఎందుకు వచ్చిందని అడిగాను.

“అలాగంటే ఎలాగండీ? ఎవుల్నీ ఉద్దేశించి కాదు” అంటూ ఆయన గుమ్మం వైపు చూశారు.

గుడికి సామాను కొనడం కమిటీ హక్కు. బల్ల దగ్గర దేన్ని ఎలా అందించాలన్నది ప్రెస్బిటరు హక్కు. ఆ హక్కు మీదే నిలబడ్డాను. రాబోయే బల్లకు పాత పాత్రే వాడతాను, మొదట సన్యాసమ్మ తాగుతుంది, ఆమె తరువాత మిగతావారు. మరుసటి నెల నుంచి గ్లాసులు వాడదాం, నేనే కడుగుతాను అని కమిటీకి చెప్పాను. తాగడం ఇష్టం లేనివారు రొట్టె మాత్రం తీసుకోవచ్చు. రొట్టె ఒక్కటైనా సంస్కారం పూర్తయినట్టేనని నియమం. కాబట్టి బలవంతం లేదు. కాని ఎవరికీ ముసుగు కూడా లేదు.

ఈ మాట విని సన్యాసమ్మ మా ఇంటికి వచ్చింది. “నాను ఆకర్న తాగుతాను అయ్యగోరూ. నా తరవాత ఎవులూ ఉండరు గదా. నా ఒక్కదాని కోసం గుడి రెండు ముక్కలైపోద్ది.”

గుడి ఇదివరకే రెండు ముక్కలనీ, అతుకు కనిపించకుండా పైన గుడ్డ కప్పారనీ, చివర తాగితే ఆ గుడ్డ ఆమే పట్టుకున్నట్టవుతుందనీ చెప్పాను.

“మరి నా తరవాత ఎవులూ రాపోతేనో?” అంది.

దానికి నా దగ్గర ఒక్క జవాబే ఉంది. నేను తాగుతానన్నాను. నియమం ప్రకారం ప్రెస్బిటరు అందరికంటే ముందు తీసుకోవాలి. ఆ నియమాన్ని కావాలనే తప్పడానికి సిద్ధపడ్డాను.

ఆదివారం సన్యాసమ్మ ఎడమ చివర మోకరించింది. ఆమె పక్కన కమ్మీ అంతా ఖాళీ. ఆమె తాగింది. అంచు తుడవకుండా నేను తాగాను. తరువాత పాత్ర పట్టుకొని నిలబడ్డాను. ఎవరూ లేవలేదు. సన్యాసమ్మ తల ఎత్తలేదు.

అప్పుడు దేవదానం గారి తల్లి కరుణమ్మ గారు కర్ర పట్టుకొని లేచారు. ఆవిడ అడ్డచుట్ట కాలుస్తారు. అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకొని కాల్చడం.

“అమ్మా, కూకో” అన్నారు కొడుకు.

“నువ్వు కూకోరా! యాభయ్యేళ్ళ బట్టీ నా అడ్డసుట్ట కంపు ఈ గిన్నెలో మీరంతా తాగేరు. ఒక్కుడు సచ్చేడా? దీని నోటికేటొచ్చింది?” గుడి వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ కమ్మీ దగ్గరకు వచ్చి, “జరుగే సన్యాసీ, మోకాళ్ళు వంగవు” అంటూ ఆమె భుజం పట్టుకొని మోకరించారు.

ఆ తరువాత సుమారు సగంమంది వచ్చి తాగారు. కొందరు రొట్టెతో ఆగారు, కొందరు మధ్యలోనే వెళ్ళిపోయారు. దేవదానం గారు ఏదీ తీసుకోలేదు.

నేను ఆరాధన క్రమం తప్పానని బిషప్పు గారికి ఫిర్యాదు వెళ్ళింది. సంజాయిషీ అడిగారు. ఆరోపణ నిజమేననీ, అదే పరిస్థితి వస్తే మళ్ళీ తప్పుతాననీ రాశాను. ఏడాది తిరగకుండా ఏజెన్సీ ప్రాంతానికి బదిలీ వచ్చింది. దానికి విచారించలేదు. బదిలీలు మా ఉద్యోగంలో భాగం.

బదిలీకి ముందే, మాట ఇచ్చిన ప్రకారం, ఆ బల్ల మరుసటి నెల గ్లాసులు నేనే కడిగి బల్ల మీద పెట్టాను. సన్యాసమ్మ ఒక గ్లాసు తీసుకుంది, దేవదానం గారు ఒకటి తీసుకున్నారు. నాకు అభ్యంతరం లేకపోయింది. అప్పటికి అవి గ్లాసులు మాత్రమే.

ఎంగిలి పాత్రలో క్రిములుంటాయన్నది అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే. అయితే నిజాన్ని కూడా అడ్డుగోడగా కట్టవచ్చు. అందుకే, ఎవరైనా మంచి కారణం తెచ్చి నా ముందు పెడితే, అది సరైనదా కాదా అని చూసి ఊరుకోను. నిన్నటిదాకా అది ఎక్కడుందని అడుగుతాను.